సొట్ట దీపం

నాన్న డ్రైవరు ఉద్యోగమంతా ఒకే రైలింజను మీద గడిచింది. ఆ ఇంజను ముందు దీపం టోపీకి ఎడమపక్క ఒక సొట్ట ఉండేది. ఫైర్‌మన్ మీద కోపమొచ్చి నాన్న పానా విసిరారు. ఫైర్‌మన్ తప్పుకున్నాడు, దీపం తప్పుకోలేకపోయింది. ఇంజను తుక్కుకి పోయే ముందు నేను షెడ్డుకు వెళ్లి ఆ దీపాన్ని కొలిచి వచ్చాను. బొమ్మ రైళ్లకు దీపాలు, మెట్లు, చేతికమ్మీలు ఇత్తడితో పోసి ఇవ్వడం నా పని. బియ్యపుగింజంత దీపానికి ఆ సొట్ట పెట్టేసరికి తాతలు దిగివచ్చారు. నాన్నకు మాత్రం చూపించలేదు. ఎప్పటికైనా బొమ్మ ఇంజనుకు బిగించి చూపిద్దామని ఆశ.

కరిగిన ఇత్తడి చల్లారితే ముడుచుకుంటుంది. అందుకే అచ్చు తీయడానికి వాడే మూలపు బొమ్మను వెంట్రుకవాసి పెద్దదిగా చెక్కుతాం. ఈ సంగతి తమ్ముడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పని నేర్చుకుంటానని నా దగ్గరికి వచ్చిన ఘనుడు వాడు. నేను లేనప్పుడు నా బల్ల మీద తయారై ఉన్న దీపాన్ని పట్టుకుపోయి, దాని మీదే అచ్చు తీశాడు. అది ముడుచుకుంది. ఆ అచ్చు పాడైతే ముడుచుకున్నదాని మీద మళ్లీ తీశాడు. అదీ ముడుచుకుంది. ఊళ్లో బొమ్మ రైళ్లవాళ్లందరికీ అవే అంటగట్టాడు. అడిగితే మొహం చాటేశాడు.

స్టేషన్ హాల్లో, అద్దాల పెట్టెలో నాన్న ఇంజను నమూనా పెడుతున్నారని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. దాని ముందు నా దీపం ఉండాలి, నాన్న దాన్ని చూడాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. కొత్తగా ఒకటి పోసి, దూదిలో చుట్టి, నమూనా కడుతున్న వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన తమ్ముడి దీపానికి సరిపడా గూడు ముందే తొలిచేశాడు. నాది అందులో పెట్టి చూసి పెదవి విరిచాడు.

“లావుగా ఉందమ్మా. ఊరందరిదీ ఒక కొలత, నీదొక కొలతా?”

నాదే అసలు కొలత అని, మిగతావన్నీ దాని పిల్లలేనని మొత్తుకున్నాను. ఆయన నవ్వి, ఆకురాయితో కాస్త అరగదీసి తెమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. నాన్న దీపాన్ని నా చేతులతో అరగదీయనని చెప్పి వచ్చేశాను.

నమూనా పెట్టిన రోజు నేనూ తమ్ముడూ నాన్నను తీసుకెళ్లాం. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా లేదు. దీపం తమ్ముడు పోసిందేనని వడ్రంగి చెప్పగానే అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు.

“సొట్ట కూడా మర్చిపోలేదురా నువ్వు,” అన్నారు తమ్ముడితో.

వాడు బిత్తరచూపులు చూశాడు. అది సొట్ట అని కూడా వాడికి తెలియదు. పోతలో వచ్చిన లోపమనుకుని ఇన్నాళ్లూ కొనేవాళ్లకు సర్దిచెప్పుకుంటున్నాడు. నా సంచిలో దూదిలో చుట్టిన దీపం అలాగే ఉంది. వాడు నోరు తెరిచి నిజం చెబుతాడని, అప్పుడు దీన్ని నాన్న అరచేతిలో పెడదామని ఆగాను.

నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి నా వైపు తిరిగారు.

“నువ్వూ ఉన్నావు, ఎప్పుడు చూసినా ఆ ఆకురాయి పట్టుకుని. తమ్ముడి దగ్గర కాస్త పని నేర్చుకోవే.”

తమ్ముడు నోరు తెరిచాడు.

“నేర్పిస్తాలే నాన్నా,” అన్నాడు.