తరమవలసిన పిట్ట

వానలు వెనకబట్టి గడ్డిలో మిడతలు బలిసే రోజుల్లో ఆ పాలపిట్ట హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాకు వచ్చేది. సుజన ఇంటి వెనుక గోడకు ఆవల ఒక ఖాళీ జాగా ఉన్నది. చుట్టూ ప్రహరీ, ముందు తాళం వేసిన ఇనుప గేటు, లోపల నడుములోతు గడ్డి, పైన అడ్డంగా సాగిన కరెంటు తీగ. పిట్ట ఆ తీగమీద కూర్చునేది. కూర్చున్నంతసేపూ దానిది మట్టిరంగు. తెలియనివాళ్లు రెండోసారి చూడరు. గడ్డిలో మిడత కదిలిందా, రెక్కలు విప్పి దూకేది. ఆ విప్పిన రెక్కల్లోని నీలానికి పేరు పెట్టాలని సుజన చాలాసార్లు ప్రయత్నించి, చీరల దుకాణం మాటలు తప్ప మరేవీ దొరకక మానుకొన్నది. పట్టిన మిడతను తీగకేసి బాది మింగి, పిట్ట మళ్లీ ఏమీ ఎరగనట్టు మట్టిముద్దలా కూర్చునేది. దాని గొంతు మధురమని ఎవరైనా చెబితే వాళ్లు దాన్ని వినలేదనే లెక్క. తుప్పుపట్టిన గడియ లాగినట్టుంటుంది ఆ అరుపు.

టెలిఫోన్ల శాఖలో ఉద్యోగ విరమణ చేసిన నాటినుండి సుజన ఉదయాలు ఆ దాబామీదనే గడిచేవి. అటువైపు బట్టలు ఆరవేయకూడదు. మెట్లమీద చెప్పులు చప్పుడు చేయకూడదు. భర్త ఆనందరావుకు దగ్గు వస్తే కిందికి దిగి దగ్గి రావాలి. పొరుగువాళ్లెవరినీ ఆమె పైకి రానిచ్చేది కాదు. వస్తే ఊరికే ఉండరు, ఫోన్లు తీస్తారు, ఈలలు వేస్తారు. పిట్ట మొదట్లో ఆమెను చూసి ఎగిరిపోయేది. ఏళ్లు గడిచాక ఆమె కుర్చీ జరిపినా తల కూడా తిప్పడం మానేసింది. ఆ నిర్లక్ష్యాన్ని సుజన తనకు దక్కిన గౌరవంగా భావించేది.

దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా జయమని నమ్మని ఇల్లు తెలంగాణలో ఉండదు. పూర్వం జనం పొలిమేర దాటి, చెట్టూ పుట్టా వెతికి చూసి వచ్చేవారు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికున్నది? అందుకే వెంకటనారాయణ సేటు తన గుమ్మం ముందు పాలపిట్ట పంజరం పెట్టడం మొదలుపెట్టాడు. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. వెనుకనున్న ఖాళీ జాగా కూడా ఆయనదే. ఏటా ఎవడో ఒకడు పిట్టను పట్టి తెచ్చేవాడు. పంజరానికి బంతిపూలు, స్టూలుకు పసుపు; గల్లీ అంతా వరుసగట్టి దండం పెట్టుకొనేది. సాయంత్రం సేటు నలుగురిలో నిలబడి పిట్టను పైకి విసిరేవాడు. ఫోటో పడేది.

పోయినేడు అలా విసిరిన పిట్ట ఎగరలేదు. మోరీ కాలువ పక్కన పడింది. సుజన చేతిలోకి తీసుకొని చూస్తే రెక్కల ఈకలు జిగురుతో ఒకదానికొకటి అంటించి ఉన్నాయి. పంజరంలో రెక్కలు కొట్టుకోకుండా పట్టినవాడు చేసే పని అది. గోరువెచ్చని నీళ్లతో తుడిచింది, అట్టపెట్టెలో గుడ్డ పరిచింది. మరునాటికి అది చచ్చిపోయింది. ఆ పెట్టెను తీసుకుపోయి సేటు గుమ్మం ముందే మూత తీసింది.

“దాని ఆయుష్షు గంతే ఉన్నదక్కా,” అన్నాడు సేటు. “నేనేం జెయ్యాలె? గాలిల ఇడిస్తి. ఎగురుడు దాని పని.”

“ఈకలు అంటువెట్టింది కూడ దాని పనేనా?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకో!” అని లోపలినుండి ఆయన భార్య నాగమణమ్మ అన్నది. గల్లీ నవ్వింది. ఆ నవ్వును సుజన ఏడాదిపాటు మరువలేదు.

ఈ ఏడు సద్దుల బతుకమ్మనాడు ఆడవాళ్లు బతుకమ్మలు పేర్చి గల్లీ నడుమ దించారు. మగవాళ్లు గోడవార కుర్చీలు వేసుకొన్నారు. సేటు ముఖం మాడి ఉన్నది.

“ఈసారి పిట్ట దొరుకుతలేదంట. ఫారెస్టోళ్ల గస్తీ మస్తున్నదంట,” అని ఆయన నిట్టూర్చాడు.

“అయ్యో, మల్ల మా దర్శనం ఎట్ల సేటూ?” అన్నది రుక్మాబాయి. మూడిళ్ల అవతల ఉండే ఆమె పంజరానికి మొదటి దండం తనదే అయి ఉండాలని పట్టుబట్టే మనిషి.

అక్కడ సుజన నోరు మూసుకొని ఉంటే ఈ కథ లేదు. ఏడాదినాటి గల్లీ నవ్వు ఇంకా చెవుల్లో ఉన్నది. చదువుకొన్నవాళ్లకు ఒక జబ్బుంటుంది; తమకు తెలిసినది ఎదుటివాడికి తెలియదని నలుగురిలో చూపించనిదే వాళ్లకు నిద్ర పట్టదు.

“దొరకకుంటేంది సేట్ సాబ్? మీ జాగలనే ఉన్నది,” అన్నది ఆమె. “రోజు పొద్దుగాల కరెంటు తీగ మీద కూసుంటది. ఎన్నేండ్లసంది వస్తున్నదో మీకు తెల్వదు. జాగ మీది, కండ్లు మీయి గావు.”

ఆడవాళ్లు ఓహో అన్నారు. సేటు మారు మాట్లాడలేదు. గడ్డం నిమురుకొన్నాడు. ఆ మౌనాన్ని సుజన సిగ్గు అనుకొన్నది. పప్పుల వ్యాపారి మౌనంగా ఉన్నాడంటే సరుకు ఎక్కడ దింపాలో ఆలోచిస్తున్నాడని ఆమెకు తోచలేదు.

దసరా ఉదయం ఆమె టీ గ్లాసుతో దాబా ఎక్కేసరికి తీగ కింద గడ్డి కోసి ఉన్నది. కోసినచోట బోర్లించిన గంపలా చిన్న వల, దాని మీదంతా సన్నని దారపు ఉచ్చులు. వల లోపల కాలికి దారం కట్టిన పెద్ద మిడత ఒకటి ఎగిరి ఎగిరి పడుతున్నది. గోడమూలలో లుంగీ మనిషి ఒకడు గొంతుక్కూర్చొని బీడీ పీలుస్తున్నాడు. వాడికి కొంచెం ఎడంగా ప్లాస్టిక్ కుర్చీలో, కొత్త చొక్కాలో, వెంకటనారాయణ. ఆయన కాళ్ల దగ్గర బంతిపూలు చుట్టిన పంజరం. దాని తలుపు తెరిచి ఉన్నది.

“ఏంది సేట్ సాబ్ గిది?”

“దసరా మంచిగ జరగాలె అక్కా! మీరే చెప్తిరి గద. మీ మాట ఖాళీ పోనిస్తనా?”

“నేను చూడుండ్రన్న. పట్టుండ్రనలే.”

“చూడాల్నంటె పట్టాలె గదక్కా. లేకుంటె గల్లీ మొత్తం మీ దాబా ఎక్కాలె. ఎక్కనిస్తరా? గిన్నేండ్లల్ల ఒక్కరినన్న ఎక్కనిచ్చిండ్రా? మీరొక్కరే కుర్చీ ఏసుకొని చూస్తిరి. పిట్టేమన్న మీ పుట్టింటోళ్లు ఇచ్చిండ్రా?”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. సుజన గ్లాసు గోడమీద పెట్టింది. “ఇయ్యాల ఎక్కమనుండ్రి. అందర్ని పిలువుండ్రి. నేనే నిలవడి చూపిస్త.”

“ఇప్పుడా?” సేటు నవ్వాడు. “పిట్ట అడ్డ మాకు దొరికినంక బుద్ధొచ్చిందా? పంజరంల ఉంటె దర్వాజ కాడనే దర్శనం. మీరు గూడ రాండ్రి, వరుసల నిలవడుండ్రి.”

ఆమె అటవీశాఖకు ఫోన్ చేసింది. ఎత్తినవారు మర్యాదగానే విన్నారు, చిరునామా రాసుకొన్నారు. ఊరంతా ఈ రోజు ఇవే ఫిర్యాదులమ్మా, మనిషి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుందన్నారు. గేటుకు తాళం. గోడ దూకే వయసు కాదు. మోకాలి చిప్పలు మెట్లకే మొరపెట్టుకొంటున్నాయి. సుజన చేతిలో మిగిలింది దాబా ఒక్కటే.

అప్పుడు పిట్ట వచ్చింది. ఎప్పటిలాగే రైలుపట్టాల వైపునుండి వచ్చి, తీగమీద వాలి, మట్టిముద్ద అయింది. కింద మిడత ఎగిరింది. పిట్ట తల ఒక పక్కకు వంచింది.

సుజన చప్పట్లు కొట్టింది. పిట్ట కదలలేదు. గట్టిగా అరిచింది. కదలలేదు. ఆ అరిచేది ఎవరో దానికి తెలుసు. ఏళ్ల తరబడి ఏ హానీ తలపెట్టని ముసలిది. వంటింట్లోంచి ఇత్తడి తాంబాళం తెచ్చి గరిటెతో మోగించింది. పిట్ట తీగమీద జానెడు జరిగి మళ్లీ కిందికి చూసింది.

“మోగించుండ్రి అక్కా, పండుగ కళ వస్తది!” అన్నాడు సేటు.

“సేట్, గప్‌చుప్ ఉండు,” అన్నాడు లుంగీ మనిషి మెల్లగా. “ఆకలి మీదున్నది. దునుకుతది.”

పిట్ట ఒళ్లు బిగించింది. దూకే ముందు అది అలా బిగిస్తుందని ఈ ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినది సుజనకే. పిట్టగోడమీది పెచ్చు ఊడిన ఇటుకముక్క తీసి బలంకొద్దీ విసిరింది. అది గడ్డిలో పడింది. రెండోది తీగకు తగిలి తీగంతా ఊగింది. మూడోది పిట్టకే తగిలింది. తోకకో, రెక్క అంచుకో ఆమెకు కనబడలేదు. తుప్పు గడియ అరుపు, ఒక్కసారిగా విచ్చుకొన్న నీలం, గాలిలో తేలుతూ ఒక ఈక. పిట్ట ఇళ్లమీదుగా పోయింది.

“అమ్మా! పిచ్చి లేసిందా?” లుంగీ మనిషి లేచి నిలబడ్డాడు.

చప్పుడుకు జనం కిటికీల్లోకి, దాబాలమీదికి వచ్చారు. అందరికన్నా ముందు రుక్మాబాయి గొంతు లేచింది. “అయ్యయ్యో! దసరానాడు పాలపిట్టను రాళ్లతోని కొడుతున్నది! ఇది ఆడిదా, దయ్యమా? నీ చేతులిరగ! గల్లీకి పీడ తెచ్చినవ్ గదనే!”

“సొంత ముచ్చటకు దాచుకొన్నదమ్మా ఇన్నొద్దులు,” అన్నది నాగమణమ్మ. “నలుగురు చూస్తమంటె ఓర్వలేదు. నాకు దక్కంది ఎవ్వరికి దక్కొద్దు, గదే బుద్ధి.”

ఆనందరావు ఆయాసపడుతూ పైకి వచ్చాడు. “ఏం లొల్లి సుజనా? పండుగపూట ఊకోరాదు?”

“రాళ్లందియ్యుండ్రి.”

“రాళ్లా?”

“మల్ల వస్తది. దాని బుక్క ఈడనే ఉన్నది. అందియ్యుండ్రి.”

ఆయన భార్య ముఖంలోకి చూశాడు. ఆపైన కింద ఉన్న వలను చూశాడు. జన్మలో ఎవరితోనూ గొడవపడని ఆ మనిషి మూలనున్న చామంతి కుండీని ఎత్తి నేలకేసి కొట్టి, పెంకులు ఏరి ఆమె చీర కొంగులో పోశాడు.

పిట్ట వచ్చింది. ఆమె కొట్టింది. పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ కొట్టింది. ప్రతిసారీ జనం తిట్టారు. ఒకరు మట్టిపెడ్డ విసిరితే అది ఆనందరావు భుజానికి తగిలింది. సుజన తీగవైపే చూస్తూ కొంగులో ఇంకో పెంకు వెతుక్కొన్నది. మొదట్లో గురి తప్పితే ఊపిరి పీల్చుకొనేది. పోనుపోను తప్పకుండా ఉండాలని కోరుకొన్నది. తప్పితే పిట్టకు ఆమెమీద ఇంకా నమ్మకం మిగులుతుంది. ఆ నమ్మకమే దాన్ని వలలోకి దించుతుంది.

మధ్యాహ్నం జీపు వచ్చింది. లుంగీ మనిషి గోడ దూకిపోయాడు. వచ్చిన అధికారి వలను మడిచి, పంజరాన్ని జీపులో పడేసి, సేటుచేత సంతకం పెట్టించుకొన్నాడు. ఇంకోసారి అయితే కేసేనన్నాడు. సేటు తలూపాడు. జీపు మలుపు తిరిగాక దాబావైపు తలెత్తాడు.

“గెలిచిండ్రక్కా. రేపటిసంది మంచిగ చూసుకోండ్రి పిట్టను.”

సాయంత్రం గల్లీలో జమ్మి పంచుకొన్నారు. ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి, ఆలింగనాలు చేసుకొన్నారు. రుక్మాబాయి పక్కింటికి ఇచ్చింది, ఎదురింటికి ఇచ్చింది, నడుమనున్న ఈ గుమ్మాన్ని గోడను దాటినట్టు దాటిపోయింది. ఆనందరావు తెచ్చిన జమ్మిని భార్యాభర్తలే ఒకరికొకరు ఇచ్చుకొన్నారు.

పొద్దు వాలుతుండగా సుజన దాబా ఎక్కింది. తీగ ఖాళీ. రెండు వీధుల అవతల, నీళ్ల ట్యాంకు పైపు మీద, మట్టిముద్దంత ఆకారం కనిపించింది. అద్దాలు తుడుచుకొని చూసింది. అదే. తోకలో ఒక పక్క సందు ఉన్నది. వల పోయింది, పంజరం పోయింది, ఇక భయం లేదని చెప్పే భాష మనుషులకూ పిట్టలకూ నడుమ లేదు.

దసరానాటి పొద్దు ఇంకా ఉన్నది. ఏటా చేసినట్టే ఆమె దండం పెట్టడానికి చేతులెత్తింది.

ఆ ఎత్తిన చేతులు కలవకముందే పిట్ట ఎగిరిపోయింది.