నీళ్ళకు వెళ్ళిన దిబ్బలు

పొద్దున్నే అములేన్ మొనదేలిన కర్ర పట్టుకుని పొలానికి వెళ్తుంది. ఆ పూటకు ఎన్ని దుంపలు కావాలో అన్నే తీస్తుంది. ముందు తీగ నాటిన మట్టిదిబ్బ చుట్టూ తిరిగి నేల ఎక్కడ బీటలిచ్చిందో చూస్తుంది. బీట కింద చిలగడదుంప ఊరిందన్నమాట. అక్కడ మాత్రం కర్రతో గుచ్చి, చెయ్యి లోపలికి పోనిచ్చి, దుంపను తుంచుకుని, మట్టి పూడ్చి అరచేత్తో తడుతుంది. తీగ మేలుకోదు. మిగిలిన పిల్లదుంపలు ఊరుతూనే ఉంటాయి. టేసో సీమలో ఆడవాళ్ళందరూ ఇలాగే తీస్తారు. దుంపలకు వేరే గాదె ఎవరూ కట్టరు.

వానలు వెనకపట్టాక దిబ్బలు నీళ్ళకు వెళ్తాయి. ఎండ నడినెత్తికి రాగానే ఒక్కొక్కటీ లేచి, తీగలు ఈడ్చుకుంటూ, వరసగా చిత్తడినేల దాకా నడిచి, అంచున కూర్చుని తాగి, పొద్దువాలే వేళకు తిరిగొస్తాయి. దోపిడీ దండు పశువులను తోలుకుపోయిన ఏడాది నుంచీ ఇదే అలవాటు. అంతకుముందు ఆ దారిన ఎద్దులు వెళ్ళేవి. ఎద్దులు పోయాక జనం ఆకలికి దుంపలు నాటుకున్నారు. దారి ఎలాగూ ఖాళీగానే ఉంది, దిబ్బలు నడవసాగాయి. అములేన్ వాటిని మొగుడి ఎద్దుల పేర్లతోనే పిలుస్తుంది. ముందు నడిచేది ఎర్రోడు, దాని వెనక మచ్చోడు, ఆ వెనక వంకరకొమ్ము. చిన్నవాటికి పేర్లు లేవు.

ఆ మొగుడు కిందటి వానల్లో పోయాడు. దినాలు అయిన రోజునే వంశం పెద్దలు రాగుల బీరు కుండ చుట్టూ కూర్చుని, పొడుగాటి పుల్లలతో పీలుస్తూ తీర్పు చెప్పారు. పుట్టినవాళ్ళిద్దరూ ఆడపిల్లలే కాబట్టి పొలం మరిది ఒక్వకోల్‌ది. కాకపోతే నేలలో పంట ఉండగా నాటిన మనిషిని కదిలించకూడదు. అది పాత కట్టుబాటు. పంట లేని రోజున అతను పొలం తీసుకోవచ్చు.

"అలాగే," అంది అములేన్.

ఆ తర్వాత ఆమె దుంప తీసిన ప్రతిచోటా ఒక తీగముక్క గుచ్చుతూ వచ్చింది.

ఆ తీగ దుంపల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది. అక్కడ పనిచేసే ఎమొరూట్ తెల్లవారుజామున పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి అద్ది, ఏళ్ళ తరబడి ఏరి తీసిన రకం అది. కోస్తే లోపల బొప్పాయి రంగు. పిల్లల కంటిచూపుకు మంచిది. అంతకుముందు అతను తెచ్చిన రంగు దుంపలు ఉడికిస్తే గంజిలా జారిపోయేవి. "పళ్ళు రాని పిల్లలకు పెట్టుకో నాయనా," అని ముసలివాళ్ళు తిరిగిచ్చేశారు. ఇదేమో తెల్లదుంపలాగే పొడిపొడిగా ఉడికింది. దానికి ఇంకా పేరు లేదు, అంకె మాత్రమే ఉంది.

వానలు ఆగాక ఎమొరూట్ తక్కెడతో, ఇద్దరు కూలీలతో వచ్చాడు.

"అమ్మా, ఇవాళ మొత్తం తవ్వి తూచాలి."

"కూర్చో బాబూ, తినిపో. తవ్వడం మాత్రం కుదరదు."

"ఎంత కాసిందో పైవాళ్ళకు చెప్పొద్దా?"

"నా పిల్లలు తిన్నది ఎలా తూస్తావు?"

ఎమొరూట్ నవ్వాడు. "మా అమ్మా ఇంతే. నాకు చెప్పకుండా తవ్వి వండేస్తుంది, నా సొంత మడిలోనే నాకెప్పుడూ తక్కువ తూగుతుంది."

గట్టు మీద నుంచి ఒక్వకోల్ కేక వేశాడు. "తవ్వవయ్యా! కేంద్రం పంటకి ఆడమనిషి అనుమతి ఏంటి?"

ఎమొరూట్ అతని వైపు చూసి, అములేన్ వైపు చూశాడు. "ఈయనకెందుకమ్మా ఇంత తొందర?"

"నువ్వు తవ్విన మరుక్షణం ఇది ఆయన పొలం. నేను మా నాన్న ఊరికి పోవాలి. అక్కడ నాకు ఒక్క దిబ్బ పెట్టుకునే నేల లేదు. ఈ పిల్లలకు ఏం పెట్టను?"

ఎమొరూట్ తక్కెడ గొలుసు చుట్టి కూలీ చేతికిచ్చాడు. తర్వాత అన్నాడు. "ఎండలన్నీ నేలలో ఉండి కూడా ముక్కుపురుగుకి లొంగని రకం మాకింకా దొరకలేదు. ఆకలి రోజుల్లో అలాంటిదే కావాలి. ఇది నిలుస్తుందో లేదో ఎవరూ చూడలేదు. వానలు పడేదాకా ఉంచండి. నిలిస్తే ఊరూరికీ పంచుతాం. పురుగు తినేస్తే ఈ రకాన్ని పారేస్తాం."

"నిలుస్తుంది."

"అంత నమ్మకం ఏంటమ్మా?"

"నేను నిలబడలేదా?"

ఎండలు ముదిరాయి. ఊళ్ళో గాదెలు అడుగంటాయి. ఎండబెట్టిన దుంపముక్కలు కూడా అయిపోయినవాళ్ళు అములేన్ దగ్గరికి వచ్చి దిబ్బకొకటి చొప్పున తీసుకుని వెళ్ళసాగారు. ఆమె ఎవరినీ వద్దనలేదు. ఒకరోజు ఒక్వకోల్ భార్య అసియో కూడా బుట్టతో వచ్చింది.

"అక్కా, నేను చెప్పానని అనకు. దిబ్బలు నీళ్ళకు వెళ్ళినప్పుడు పెద్దల్ని తీసుకొచ్చి ఖాళీ పొలం చూపిస్తాడట."

"నీ మొగుడికి ఇంత తెలివి ఎప్పుడొచ్చింది?"

"తాగినప్పుడు."

అములేన్ ఆమె బుట్ట నింపి పంపింది. ఆ మధ్యాహ్నం దారికి అడ్డంగా నిలబడి చేతులు చాచింది. ఎర్రోడు ఆమె కాళ్ళ దాకా వచ్చి ఆగింది. వెనకవన్నీ ఆగాయి. మర్నాడూ ఆపింది, ఆ మర్నాడూ ఆపింది. దిబ్బలు లేవడం మానేశాయి. ఆకులు వేలాడాయి. మట్టి నోళ్ళు తెరిచింది. పిల్లలతో కలిసి ఆమె కుండలతో నీళ్ళు మోసింది, బీటలకు మట్టి మెత్తింది. మెత్తిన మట్టి సాయంత్రానికల్లా మళ్ళీ పగిలింది.

ఒక ఉదయం ఎర్రోడి పక్కన చెయ్యి పెట్టి తీసిన దుంప మీద నల్లటి గాట్లు కనిపించాయి. వాసన చూస్తే చేదు. బీటల్లోంచి ముక్కుపురుగు దిగడం మొదలైంది. ఆమె ఆ దుంపను దూరంగా విసిరేసి, ఎండ నెత్తికెక్కేదాకా గట్టు మీదే కూర్చుంది. తర్వాత లేచి దారి వదిలింది.

"పోండి," అంది. "మిమ్మల్ని ఎండబెట్టి చంపి ఈ పొలాన్ని నేనేం చేసుకోను?"

దిబ్బలు వెళ్ళాయి. చివరి తీగ చిత్తడి దారి మలుపు తిరిగిందో లేదో, ఒక్వకోల్ పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"చూడండి ఒలుపోట్ పెద్దాయనా! ఒక్క ఆకు ఉందా?"

వంశంలో అందరికన్నా పెద్దవాడు ఒలుపోట్. కర్రతో నేల తడిమి చూశాడు. "లేదు."

"నీళ్ళకు వెళ్ళాయి, వచ్చేస్తాయి," అంది అములేన్.

"వచ్చేదాంతో నాకేం పని? ఉన్నది చూస్తాను. ఏ నేలలో పంట ఉంటే ఆ నేల మీద నుంచి నాటిన మనిషిని కదిలించకూడదు. లేకపోతే లేదు."

"ఇంకోసారి చెప్పండి పెద్దాయనా, అందరూ వింటారు," అన్నాడు ఒక్వకోల్. పెద్దాయన చెప్పాడు. అది చాలక మళ్ళీ చెప్పించాడు.

"నేను కదలను." అములేన్ పొలం మధ్యలో కూలబడింది. "కావాలంటే మోసుకుపోండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వంగలేదు. ఆమెను లెమ్మని చెప్పీ చెప్పీ పొద్దు వాలింది.

"కూర్చోనీండి. ఆకలేస్తే తనే లేస్తుంది," అన్నాడు ఒక్వకోల్. "పదండి, ఇంటి దగ్గర బీరు పొంగుతోంది."

కానీ వాళ్ళకంటే ముందే దిబ్బలు ఆ ఇంటికి చేరుకున్నాయి. చిత్తడి నుంచి వస్తూ పొలం వైపు మళ్ళకుండా నేరుగా వచ్చి, పాత పశువుల దొడ్డి నిండిపోగా, మిగిలినవి వాకిట్లో చతికిలబడ్డాయి. ఒకటి వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తడిసిన తీగలు బీరు కుండను చుట్టేసి పుల్లల మీదికి పాకాయి. అసియో నడుం మీద చెయ్యి పెట్టుకుని మొగుడికి ఎదురొచ్చింది.

"నేను పొయ్యి దగ్గరికి పోలేను, నువ్వు కుండ దగ్గరికి రాలేవు. సంతోషమేనా?"

ఒక్వకోల్ పార అందుకున్నాడు. ఒలుపోట్ కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు. నేలలో పంట ఉంది."

"ఇది నా వాకిలి పెద్దాయనా!"

"పంట ఎవరిది?"

"ఆమెదే! అదేగా నా గోల!"

"నాటిన మనిషిని కదిలించకూడదు. ఇందాక నాచేత ఎన్నిసార్లు చెప్పించావురా?"

వెనకున్న పెద్దల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

అంతలో కబురు తెలిసి అములేన్ వచ్చింది. నెత్తి మీద వంటకుండ, వెనక చాపలు మోస్తూ ఇద్దరు ఆడపిల్లలు.

"మరిదీ, ఎక్కడ పరుచుకోమంటావు? పంట ఉన్నచోటే కదా మేముండాలి."

"వదినా, వాటిని పిలువు. నీ మాట వింటాయి."

"పిలుస్తాను. ఎక్కడికి పిలవాలి?"

"పొలానికి."

"ఎవరి పొలానికి?"

ఒక్వకోల్ పారను గోడకు ఆనించాడు. పొద్దు గడ్డికప్పు వెనక్కి జారింది. పెద్దల గొంతులు ఎండిపోయాయి. కుండ మీద నురగ చల్లారుతోంది. అములేన్ పిల్లలచేత ఒక చాప పరిపించి, వాకిలి మధ్యలో కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

"నీ పొలానికి," అన్నాడు ఒక్వకోల్ నేల చూస్తూ.

"పెద్దాయనకు చెవులు సరిగా వినపడవు."

"నీ పొలానికి వదినా! నీదీ, నీ పిల్లలదీ! ఇక చాలా?"

"విన్నాను," అన్నాడు ఒలుపోట్. "అందరం విన్నాం. ఇక దీని మీద మళ్ళీ కూర్చునేది లేదు."

అములేన్ లేచి, చాప దులిపి, పేరుపేరునా పిలిచింది. ఎర్రోడు లేచింది. మచ్చోడు లేచింది. పేర్లు లేనివి కూడా లేచి, వాకిలి దాటి, సందు పట్టి, పొలం వైపు నడిచాయి.

వానలు పడ్డాక ఎమొరూట్ వచ్చి తవ్వించాడు. దుంపలు కోసి చూశాడు. పురుగు పైపైన గీరింది తప్ప లోపలికి దిగలేదు. కేంద్రంలో నాటిన మడిని మాత్రం సగం తినేసిందట.

"మీవి నీళ్ళకు వెళ్ళలేదా?"

"చుట్టూ కంచె ఉందమ్మా."

"ఎందుకు?"

ఎమొరూట్ ఆలోచించాడు. మరుసటి వారం కంచె తీయించాడు. ఆ రకాన్ని పారెయ్యలేదు. ఆ వానల్లో అములేన్ పొలం నుంచి తీగలు మోపులు మోపులుగా చిత్తడి అవతలి ఊళ్ళ దాకా వెళ్ళాయి.

వాకిట్లోంచి అన్నీ కదిలిన ఆ సాయంత్రం ఒక్క దిబ్బ మాత్రం ఎంత పిలిచినా లేవలేదు. ఒక్వకోల్ వంటింటి గుమ్మంలో కూర్చున్నదే అది. "ఉండనీ అక్కా, నా పిల్లలూ తింటారు," అంది అసియో. అది ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీది హక్కు అములేన్‌దే. ఒక్వకోల్ అన్నానికి ఇంట్లోకి వెళ్ళాలంటే, తీగ తొక్కకుండా, గోడకు ఆనుకుని, పక్కకు తిరిగి వెళ్తాడు.