చెవి వెనక మసి

ఆదివారం ప్రార్థనైపోయి ఇంటికి రాగానే డ్రూసిల్లా టాకెట్ పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడకేసి, బల్ల మీద మూడు పళ్లేలు సర్దేది. ఒకటి తనకి, ఒకటి కూతురు ఒలీటాకి, మూడోది కొడుకు హోబర్ట్‌కి. బొగ్గు గని పైకప్పు కూలి మీద పడి హోబర్ట్ పోయి అప్పటికి రెండేళ్లయింది. ఒలీటా వరండాలో కూర్చుని గిటారు తీగలు బిగించుకుని, తమ్ముడి మీద తను కట్టిన పాట అందుకునేది. రెండో చరణం సగంలో ఉండగా హోబర్ట్ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు, తలకి దీపపు టోపీ, చేతిలో టిఫిను డబ్బా.

"బూట్లు బయట విడువు. ఇప్పుడే తుడిచాను," అనేది తల్లి.

వాడు కూర్చున్నాక తడిగుడ్డ తెచ్చి చెవుల వెనక రుద్దేది. ఎన్నిసార్లు రుద్దినా గుడ్డ నల్లగానే వచ్చేది. వాడు మెడ అటూ ఇటూ తిప్పుతూ విసుక్కునేవాడు. మొక్కజొన్న రొట్టె మజ్జిగలో నలుపుకుని గ్లాసెత్తి తాగేసి, మూతి తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయేవాడు. పాటతో వచ్చినవాడు పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఉండేవాడు. మా లోయలో దీన్ని వింతగా చెప్పుకున్నవాళ్లు లేరు. పక్కింటి ఎల్బర్ట్ మాత్రం, హోబర్ట్ బతికున్నప్పుడు తన దగ్గర పట్టుకెళ్లిన గొడ్డలి ఎక్కడ పెట్టాడో కాస్త అడిగి చెప్పమని ప్రతి వారం కబురు పంపేవాడు.

ఒలీటా గొంతు మంచిదని చుట్టుపక్కల అందరూ అన్నారు. ఊరుకోకుండా, పాటల రికార్డులు చేసే కంపెనీలన్నీ ఉన్న నాష్‌విల్ నగరానికి వెళ్లమని కూడా అన్నారు. తల్లి అడ్డు చెప్పలేదు, ఒక్క మాట మాత్రం తీసుకుంది. "ఎక్కడ పాడుకుంటావో పాడుకో. నెలకో ఆదివారం మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి పాడు. నాకింకేమీ వద్దు." ఒలీటా సరేనంది. తొమ్మిదేళ్లు ఆ మాట తప్పలేదు కూడా.

ఆ తొమ్మిదేళ్లూ ఆమె నాష్‌విల్‌లో ఏం చేసిందంటే, పొద్దున లాడ్జిలో పక్కదుప్పట్లు మార్చింది, మధ్యాహ్నం గిటారు భుజాన వేసుకుని పాటల కంపెనీల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. సాయంత్రాలు సారా దుకాణాల్లో పాడింది. వినేవాళ్లు తక్కువ, కబుర్లు చెప్పుకునేవాళ్లు ఎక్కువ. తమ్ముడి పాట మాత్రం అక్కడ ఎన్నడూ ఎత్తలేదు. తాగుబోతుల మధ్యకి పిల్లాణ్ణి పిలవడమేంటని ఆమె ఉద్దేశం. వియత్నాం యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో, ఒక కంపెనీ పెద్దమనిషి ఆమెవి పద్నాలుగు పాటలు విని, ఆవులించి, ఇంకేమీ లేవా అన్నాడు. గదిలో బక్ లాసిటర్ ఉన్నాడు. ఏ రేడియో తిప్పినా వినిపించే గొంతు అతనిది. అంత పెద్దవాడు ఎదురుగా కూర్చుంటే ఆశ ఊరుకుంటుందా? ఒలీటా తమ్ముడి పాట పాడింది.

హోబర్ట్ వచ్చాడు. గుమస్తా పిల్ల లేచి కుర్చీ వేసింది. బక్ మర్యాదగా చెయ్యి కలిపి, అరచేతికి అంటిన మసి చూసుకుని, రుమాలుతో నిదానంగా తుడుచుకున్నాడు.

"చెల్లెమ్మా, పాట బంగారం. కానీ ఈ బొగ్గు టెక్సాస్‌లో ఎవరిక్కావాలి?" అన్నాడు. "గని తీసేసి యుద్ధం పెడదాం. ఇవాళ ప్రతి వీధి నుంచీ ఒక కుర్రాడు వెళ్లాడు. చెవుల వెనక మసి కూడా వద్దు, బూట్ల మీద దుమ్మని అందాం. ఆ పేరు కూడా తీసెయ్. పేరు లేకపోతే ప్రతి తల్లీ తన కొడుకే అనుకుంటుంది."

పెద్ద గాయకుడు రెండు మాటలు మార్చాడంటే పాట కట్టినవాళ్లలో తన పేరూ వేయించుకుంటాడు. ఆ ఊళ్లో దాన్ని దొంగతనం అనరు, ఆనవాయితీ అంటారు. పైగా మారిన మాటలతో పాటని కంపెనీకి రాసిచ్చి సంతకం పెడితే ఒలీటాకి సొంత రికార్డు ఇస్తామన్నారు. తొమ్మిదేళ్ల దుప్పట్లు ఆమె కళ్ల ముందు తిరిగాయి. కాగితం మీద ఏం రాసుకుంటే ఏం, ఇంట్లో నా పాట నేను పాడుకోనా, ఎవడొచ్చి నోరు మూస్తాడు అనుకుంది. మా కొండల్లో పాటని ఎవరూ కాగితం మీద పెట్టరు. కాగితం పాటనేం చేయగలదో ఆమెకి చెప్పేవాళ్లెవరు?

"అక్కా, ఇంటికెళ్దాం. గింజలు చల్లారిపోతాయి," అన్నాడు హోబర్ట్.

"ఉండరా, అయిపోవచ్చింది," అని ఒలీటా సంతకం పెట్టేసింది.

పాట దేశమంతా మోగింది. బక్ వెనక నిలబడి వంత పాడటానికి ఒలీటాని కూడా బస్సెక్కించారు. ఊరి మీద ఊరు, మెరుపుల చొక్కాలు, చప్పట్లు. తల్లులు వేదిక దగ్గరికొచ్చి బక్ చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లు. అన్ని ఊళ్లు తిరిగినా తమ్ముడు ఒక్కచోటా కనిపించలేదు. ఇంటి పాటకి మాత్రమే వస్తాడేమోలే అని సర్దుకుంది. నాలుగు ఆదివారాలు ఎగ్గొట్టి, ఐదో నెల ఇంటికొచ్చింది.

తల్లి ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. మూడు పళ్లేలు పెట్టి, గుడ్డ తడిపి పక్కనుంచుకుంది. ఒలీటా పాత మాటలతోనే పాడింది. గని, మసి, హోబర్ట్ పేరు, ఏదీ వదల్లేదు. రెండో చరణంలో గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది.

మిలటరీ బట్టల్లో ఉన్న కుర్రాడెవరో. ముక్కూ మొహం దిద్దినట్టున్నాయి, ఎవరి పోలికా లేదు. బూట్ల మీద దుమ్ము. చెప్పకుండానే బయట విడిచి, టోపీ తీసి, అనుమతి అడిగి కూర్చున్నాడు.

డ్రూసిల్లా తడిగుడ్డ తీసుకుని అతని చెవుల వెనక తుడిచింది, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. అతను కదల్లేదు, విసుక్కోలేదు. ఆమె గుడ్డ విప్పి వెలుతురులో పట్టి చూసింది. తెల్లగా ఉంది.

"నీ పేరేంటి బాబూ?"

"పాటలో పెట్టలేదండీ," అన్నాడు ఆ కుర్రాడు.

అతను మజ్జిగ జోలికి పోలేదు. రొట్టె చిన్న చిన్న ముక్కలు చేసుకుని తిని, థాంక్సండీ అని వెళ్లిపోయాడు. ఒలీటా మళ్లీ పాడింది. మళ్లీ అతనే వచ్చాడు. చీకటి పడేదాకా గొంతు బొంగురుపోయేలా పాడింది, వచ్చినప్పుడల్లా అతనే. ఆఖరికి తల్లి వచ్చి గిటారు మీద చెయ్యి వేసింది.

"ఇంక చాలు. గనిలో పోయినప్పుడు వాడి టోపీ అయినా తెచ్చిచ్చారు," అంది. ఆ తర్వాత ఈ సంగతి ఆమె ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఒలీటా ఎన్నిసార్లు అనుకుందో.

మర్నాడే ఒలీటా నాష్‌విల్ వెళ్లి, పాత మాటలు తిరిగి పెట్టమని బక్ కాళ్లావేళ్లా పడింది. "మార్చింది రెండు మాటలే కదా చెల్లెమ్మా," అని అతను నిజంగానే జాలిపడ్డాడు. కంపెనీలో పాత మాటలున్న కాగితమే లేదన్నారు. ఆమె సొంత రికార్డు పని మొదలైంది, కానీ ఏ వేదికెక్కినా జనం ఆ ఒక్క పాటే అడిగేవాళ్లు. పాడనంది. మూడో ఊళ్లో కూడా పాడనన్నాక ఒప్పందం రద్దు చేశారు. ఆమె పాటల జీవితం అంతటితో ముగిసింది. గిటారు చంకన పెట్టుకుని లోయకి తిరిగొచ్చి బడి వంటశాలలో పనికి కుదిరింది. తమ్ముడి మీద కొత్త పాట కడదామని కూర్చుంటే, రెండో చరణం దగ్గరికొచ్చేసరికి బూట్ల దుమ్మే నోటికొచ్చేది.

డ్రూసిల్లా ఇప్పుడు రెండు పళ్లేలే పెడుతుంది. కానీ రేడియోకి బుద్ధి లేదు కదా. లోయలో ఎవరింట్లో ఆ పాట మోగినా, టాకెట్ల గుమ్మం దగ్గర ఆ కుర్రాడు ప్రత్యక్షం. పాట మొదలవుతున్నట్టు చెవిన పడగానే ముసలమ్మ లేచి వెళ్లి తలుపు గడియ పెట్టేస్తుంది. ఎల్బర్ట్ కూడా గొడ్డలి సంగతి అడగడం మానేశాడు.

అతను తలుపు తట్టడు. టోపీ చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడతాడు. ఒలీటా వెనక గుమ్మంలోంచి తన పళ్లెం, మజ్జిగ గ్లాసు పట్టుకుని చుట్టూ తిరిగి వస్తుంది. లోపల తల్లికి తెలుసు, తెలియనట్టు ఉంటుంది. మొదటిసారి అతను మొహమాటపడి, మీరెందుకండీ ఈ శ్రమ అన్నాడు. అతన్ని పుట్టించిన కాగితం మీద ఒలీటా సంతకం ఉంది.

"తిను," అంది. మెట్టు మీద అతని పక్కన కూర్చుని, మజ్జిగలో రొట్టె ఎలా నలుపుకోవాలో చూపించింది. అతను శ్రద్ధగా చూసి, అలాగే చేశాడు. గ్లాసు ఖాళీ అవగానే థాంక్సండీ అని దారి పట్టాడు. ఆమె పళ్లెం కడిగి లోపల పెట్టింది.