గాలిలో అల్లిన వల

యోహాన్ రెండో కుర్చీని కిటికీ వైపు జరిపి, నాలుగు కాళ్ళూ సమంగా ఆనాయో లేదో చేత్తో ఊపి చూశాడు. మొదటి కుర్చీ తలుపు పక్కన వేశాడు. అది డాక్టరు చదివే పిల్లలకి, ఏదైనా తేడా వస్తే చటుక్కున బయటపడ్డానికి. కిటికీ పక్కది రోగికి. నేరం చేసినప్పుడు మతి స్థిమితం లేదని కోర్టు తేల్చి పంపిన మనుషుల వార్డు ఇది. వాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్చుకోవడానికి ప్రతి గురువారం మెడికల్ కాలేజీ పిల్లలు వస్తారు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళకి కుర్చీలు వేస్తున్నది వార్డు అటెండరు యోహానే.

"పెద్ద ఉజ్జోగమే. పెళ్ళి పందిట్లో కుర్రోళ్ళు సేసే పని" అని భార్య పుష్పకుమారి వేళాకోళం చేస్తుంది. నిజమే కదా అని అతనూ నవ్వుతాడు. పొట్టి మనిషి. నడుముకి వేలాడే తాళాల గుత్తి బరువుకో ఏమో కుడి భుజం కాస్త కిందికి దిగింది. జ్ఞానాపురం నుంచి పొద్దున్నే బస్సెక్కుతాడు, సాయంత్రం దిగుతాడు. మధ్యలో ఈ కిటికీ. అందులోంచి సముద్రం అరచేయంత కనిపిస్తుంది. పోర్టులోకి పిలుపు రాని ఓడలు మంచులో నిలబడి ఉంటాయి. వాటిని చూస్తూ ఉంటే యోహాన్‌కి కళ్ళు మూతపడకుండానే కల వచ్చినట్టుంటుంది. ఎన్నాళ్ళని అలా నిలబడతాయో పాపం అనుకుంటాడు.

అర్జునరావు వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గీయించి, ఉతికిన చొక్కా వేయించింది యోహానే.

"ఇయాల సేతులు తొడల కింద పెట్టుకో అర్జునా. ఆటిని ఆడించకు."

"అవి నా మాట ఇనవు."

ఈ ఊళ్ళో మగాళ్ళు ఒకరినొకరు బావా అనుకోకుండా టీ కూడా తాగరు. యోహానూ అంతే. అర్జునరావుని మాత్రం పేరు పెట్టే పిలుస్తాడు. అతను చంపింది బావనే, అక్క చిట్టమ్మ మొగుణ్ణి. పంతొమ్మిదేళ్ళ కిందట మతి చెదిరిన రోజుల్లో, పడవ మీద, తెడ్డుతో. ఆ పిలుపు చెవిన పడితే అతను ఇప్పటికీ తల గోడకి తిప్పుకుంటాడు.

అతన్ని ఇంటికి పంపవచ్చా అని కోర్టు ఇదివరకు రెండుసార్లు అడిగింది, మొదటిసారి ఏడేళ్ళ కిందట. రెండుసార్లూ వద్దనే జవాబు వెళ్ళింది. మాట బాగుంది, నిద్ర బాగుంది, కానీ వేళ్ళు అర్థం లేకుండా గాలిలో తిప్పుతున్నాడు, రోగం ఇంకా లోపలే ఉందని. ఇది మూడోసారి. పంపవచ్చని పెద్ద డాక్టరు జ్ఞానశేఖర్ రాస్తే ఈ రోజే అక్కకి అప్పగించమని ఉత్తర్వు. చేపలు అమ్ముకుని, ఖాళీ తట్టతో చిట్టమ్మ గేటు దగ్గర కూర్చుని ఉంది. వద్దని రాస్తే మళ్ళీ ఎప్పుడు అడుగుతారో దేవుడికే తెలియాలి.

పెద్ద డాక్టరు, వెనకాల ఆరుగురు పిల్లలు వచ్చారు. తలుపు పక్క కుర్చీలో ధనశ్రీ అనే అమ్మాయి కూర్చుంది. అడగాల్సినవి వరసగా అడిగింది. అర్జునరావు ఎన్నో బ్యాచ్‌లకి చెప్పిన జవాబులే చెప్పాడు. అప్పుడు గొంతులు వినిపించేవి, ఇప్పుడు లేవు, చేసింది తప్పే. చెబుతుండగానే చేతులు తొడల కిందినుంచి బయటికొచ్చాయి. ఎడమ బొటనవేలు నిలబడింది, కుడి వేళ్ళు దాని చుట్టూ తిరిగి, దూరి, లాగాయి. మళ్ళీ తిరిగాయి. వెనక పిల్లలు గబగబా రాసుకున్నారు.

ధనశ్రీ రాయలేదు. ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"మాది పెదజాలరిపేట" అంది నెమ్మదిగా. అంతసేపూ మాట్లాడిన పుస్తకాల తెలుగు పక్కకి పోయింది. "మా తాత కూడా ఇలాగే ముడేస్తాడు. నీకు వల అల్లడం ఎవులు నేర్పారు మావయ్యా?"

అర్జునరావు ఆ పిల్ల వంక, తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు.

"మా బావ" అన్నాడు. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు. ముడి జారితే నెత్తి మీద మొట్టేవోడు. మళ్ళీ ఆడే నవ్వేవోడు. అల్లతన్నంత సేపూ ఆడు పక్కనున్నట్టే ఉంటాది తల్లీ."

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. పెద్ద డాక్టరు యోహాన్ వైపు తిరిగాడు.

"ఇది వల అల్లడమని నీకు తెలుసా?"

"తెల్సు సార్. మీకూ తెల్సనుకున్నాను. నన్నెవులూ అడగలేదు సార్."

అన్నాక ఆ మాట యోహాన్‌కే గుచ్చుకుంది. అడక్కపోతే మాత్రం, చెప్పడానికి నోరు లేదా? పెద్ద చదువుల వాళ్ళకి తెలియనిది తనకేం తెలుసని, కుర్చీలు వేసి గోడ పక్కన నిలబడ్డాడు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఇతను ఏడేళ్ళ కిందటే ఇల్లు చేరేవాడు.

జ్ఞానశేఖర్ చాలాసేపు కాగితం మీదికి వంగి రాశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

మిగతా కాగితాలు తయారయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చిట్టమ్మని లోపలికి రానిచ్చారు. ఆమె తట్టకి చుట్టిన నైలాను దారం విప్పి తమ్ముడి ఒళ్ళో వేసింది. అతను తల వంచుకుని అల్లుతూ కూర్చున్నాడు. కిటికీలో ఓడ ఒకటి, ఎవరూ తొయ్యకుండానే జరుగుతున్నట్టు, పోర్టు వైపు కదిలింది.

"భయం లేదా అమ్మా?" అన్నాడు యోహాన్, ఆమెకి మాత్రమే వినపడేలా.

"ఎందుకుండదు బాబూ? ఆడు లేడు. ఈడూ లేకపోతే నాకెవులున్నారు?"

గేటు దగ్గర అర్జునరావు ఆగి వెనక్కి తిరిగాడు. గోడ వైపు కాదు, నేరుగా యోహాన్ ముఖంలోకి చూశాడు.

"ఎల్లొత్తాను బావా."

యోహాన్ చెయ్యి ఎత్తాడు. అక్కాతమ్ముళ్ళు ఎండలో బస్టాపు వైపు నడిచి వెళ్ళారు.

తిరిగొచ్చి, కుర్చీలు తీసేద్దామని గదిలోకి వెళ్ళాడు. కిటికీ పక్క కుర్చీ చేతికి జానెడు వల తగిలించి ఉంది. ముడి ముడికీ తేడా లేదు. వార్డులో కత్తెర ఉండదు కాబట్టి, కొసన మిగిలిన దారం తెగకుండా అలాగే వేలాడుతూ ఉంది.