పాత మాటల టీచరు

హన్మంతు వరండా తుడుస్తున్నాడు గానీ, చెవులు మాత్రం చివరి గది తలుపు దగ్గరే ఉన్నాయి. వంగిన నడుము, మోచేతుల దగ్గర వెలిసిన నీలం జాకెట్టు, బెల్టుకు తాళాల గుత్తి. లండన్ శివారు క్రోయిడన్‌లోని ఆ కమ్యూనిటీ హాలుకు అతనే కేర్‌టేకరు. ఎవరు ఏ సంచిలో ఏం మోసుకొచ్చారో కనిపెట్టడం అతనికి ఉద్యోగం కన్నా ఎక్కువగా స్వభావం.

చివరి గదిలో శనివారాలు లిథువేనియన్ పిల్లలకు వాళ్ళ భాష నేర్పుతారు. టీచరు అల్డోనా డెబ్బై దాటిన మనిషి, ఎవరినీ పలకరించదు. పిల్లలు వెళ్ళిపోయాక తలుపు వేసుకుంటుంది. ఆ తర్వాత లోపలినుంచి మాటలు వినిపిస్తాయి.

మేనేజరు మధులిక అతన్ని ఆఫీసులోకి పిలిచింది.

"అంకుల్, క్లాసు అయ్యాక కూడా ఆవిడ గదిలోనే ఉంటుందంట కదా? నిజమేనా?"

"ఉంటది బిడ్డా. తలుపేసుకుంటది. ఎవరితోనో మాట్లాడ్తది. నాకైతే నమ్మకం లేదు."

"పేరెంట్స్‌కీ లేదంట. వాళ్ళు లిథువేనియా నుంచి మొన్నమొన్న వచ్చినవాళ్ళు. ఈవిడ పుట్టింది అమెరికాలో. అదేం భాష, ఇప్పుడు ఎవరూ అలా మాట్లాడరు అంటున్నారు. ఇంకో టీచర్ని పెట్టుకుంటారంట."

హన్మంతు గబగబా వెళ్ళి, తట్టకుండానే తలుపు తోశాడు. ఆమె చేతిలో ఫోన్ లేదు, వేరే మనిషి లేడు. అల్డోనా ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అని ఇంగ్లిషులో అడిగాడు.

"మా నానమ్మతో," అంది ఆమె సిగ్గుపడకుండా. తాత బొగ్గు గనిలో పనికి అమెరికా వెళ్ళాడట. అక్కడ వాళ్ళుండే వీధిలో రొట్టెల కొట్టూ, చర్చీ, తగవులూ అన్నీ ఆ పాత భాషలోనేనట. "అలా మాట్లాడేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. నోటితో అనకపోతే నాకూ పోతుంది."

హన్మంతు చూపు దించుకున్నాడు. ఇంట్లో అతని మనవలు ఇంగ్లిషులోనే జవాబిస్తారు. భార్య పోయాక అతనూ వంటింట్లో ఒక్కడే మాట్లాడుకుంటాడు.

తిరిగి ఆఫీసుకు నడిచాడు. "నేను జెప్పింది తప్పు బిడ్డా. ఆమె మంచి మనిషే."

"ఇక రావద్దని ఆవిడకి మెయిల్ పంపేశాను అంకుల్."

కాసేపటికి అల్డోనా ఫోన్ చూసుకుంటూ వచ్చింది. గది తాళంచెవి బల్ల మీద పెట్టింది. హన్మంతు ముందుకెళ్ళి బయటి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె కోటు కాలరు పైకి లాక్కుని వానలోకి వెళ్ళిపోయింది.

అతను గది మూయడానికి వెళ్ళాడు. గదిని వేడిచేసే రేడియేటర్ మీద ఆరేసిన ఆమె ఊలు చేతితొడుగులు ఇంకా తడిగానే ఉన్నాయి.