బాల్కనీలో బురద కరెంటు

పరిశోధనశాల పైకప్పు కారడం మొదలుపెట్టింది. మరమ్మతు పూర్తయ్యేదాకా ఎవరి సరంజామా వాళ్ళే చూసుకోమన్నారు. కొందరు కంప్యూటర్లు మోసుకెళ్ళారు, కొందరు పుస్తకాలు. ల్యాబులో అందరూ బురదమ్మ అని పిలిచే పరిశోధకురాలు మాత్రం ఒక పెట్టెనిండా గాజు సీసాలు, సీసాల నిండా నల్లటి బురదతో ఇంటికి వచ్చింది. ఆమె ఉండేది అక్కాబావల దగ్గర.

తలుపు తీసిన అక్క ముక్కు మూసుకుంది. "ఏమిటే ఈ కంపు? గుడ్లు కుళ్ళిపోయినట్టు!"

"కాలువ సముద్రంలో కలిసే చోట, నీళ్ళ అడుగున తీసిన బురద అక్కా. బాల్కనీలో ఓ మూల పడుంటుంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు, వాసన దానంతటదే పోతుంది."

"పోకపోతే బురదతోపాటు నువ్వూ బాల్కనీలోనే పడుకుందువుగాని."

బావ ఇళ్ళకు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్. ఆ బురదలో కరెంటు పారుతుందని మరదలు చెప్పగానే పగలబడి నవ్వాడు.

"నవ్వకండి బావా. ఇందులో ఒక రకం బాక్టీరియా ఉంటుంది. ఒకదానికొకటి అతుక్కుని, వేలకొద్దీ కలిసి సన్నటి తీగలా పెరుగుతాయి. అడుగున ఉన్నవాటికి తిండి ఉంటుంది, గాలి ఉండదు. పైన ఉన్నవాటికి గాలి ఉంటుంది, తిండి ఉండదు. అందుకని కిందివి తింటాయి, పైవి ఊపిరి పీలుస్తాయి. మధ్యలో ఆ తీగ గుండా కరెంటు నడుస్తుంది. అవి తినేది ఏమిటో తెలుసా? ఈ కంపే."

"అంటే తినేవాడొకడు, ఆయాసపడేవాడొకడు. మా కాంట్రాక్టరూ నేనూ లాగా అన్నమాట," అన్నాడు బావ. "మరి ఎర్తింగో?"

"ఉన్నదంతా మట్టే కదా బావా!"

మెల్లగా కంపు తగ్గింది. సీసాల్లో బురద పైన తుప్పురంగు పొర కట్టింది, దానికింద నలుపు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. బురదమ్మ ఆనందం పట్టలేక తన పరిశోధనకు గైడయిన ప్రొఫెసరుగారికి ఫోన్ చేసింది. ఆయన పొడిగా తేల్చేశారు. "వాసన గాలికి ఎగిరిపోయి ఉండొచ్చుగా అమ్మా! తీగలే తిన్నాయనడానికి రుజువేదీ?"

ఆ మాటతో ఆమె ఉత్సాహం నీరుగారిపోయింది. నిజమే, రుజువేదీ?

ఇది జరిగిన కొద్దిరోజులకే ఒక పొద్దున అక్క బాల్కనీలోంచి కేక వేసింది. "ఏమే, మళ్ళీ మొదలైంది!"

బురదమ్మ పరుగున వెళ్ళి ఒక్కో సీసా వాసన చూసింది. గోడవైపు ఉన్నవి శుభ్రంగా ఉన్నాయి. తలుపువైపు ఉన్నవి ముక్కు పగిలేలా కొడుతున్నాయి. ఒకే బురద, ఒకే ఎండ, ఒకే నీళ్ళు. ఆమెకు బుర్ర తిరిగిపోయింది. టిఫిన్ దగ్గర అదే చెప్పుకుని వాపోయింది. మామూలుగా అన్నిటికీ ఒక మాట విసిరే బావ తలెత్తకుండా తింటున్నాడు. అక్కకు వెంటనే అనుమానం వచ్చింది.

"ఏమండీ, ఏం చేశారు?"

"ఏమీ లేదు. టెస్టరు పెట్టి చూశానంతే."

"టెస్టరా!" బురదమ్మ చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"వెలుగుతుందేమోనని. వెలగలేదు. లోపల లూజ్ కనెక్షనేమోనని కాస్త తిప్పాను."

"కాస్తంటే?"

"కాఫీలో చక్కెర కలిపినట్టు."

బురదమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. తిడదామని నోరు తెరిచింది, అంతలోనే తట్టింది. తీగలు తెగిన సీసాల్లో కంపు తిరిగొచ్చింది. తెగనివాటిలో రాలేదు!

"బావా, మీ చేతులు చల్లగుండ!" అంటూ ఎంగిలి చేత్తోనే ఫోన్ అందుకుంది.

ప్రొఫెసరుగారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "కలియబెడితే ఏ బురదైనా వాసన కొడుతుంది. కలియకుండా తెగ్గొట్టి చూపించు," అని పెట్టేశారు.

కలియకుండా ఎలా తెగ్గొట్టాలి? కత్తి పెట్టినా బురద చెదురుతుంది. ఆదివారమంతా అదే ఆలోచన. సాయంత్రం అక్క కేకును రెండు పొరలుగా చేయడానికి కుట్టు దారం చుట్టూ తిప్పి, కొసలు రెండూ పట్టి లాగింది. పొడి కూడా రాలకుండా కేకు తెగింది. బురదమ్మ ఆ దారం ఉండను లాక్కుని బాల్కనీలోకి పరుగెత్తింది. దారాన్ని సన్నటి నైలాన్‌కు మార్చడం తర్వాతి సంగతి.

కొత్త సీసాల్లో బురద నింపేటప్పుడే అన్నింట్లోనూ పైపొరకు కాస్త కింద నైలాన్ దారం ఉచ్చులా చుట్టిపెట్టి, కొసలు బయటికి వదిలింది. తీగలు పెరిగి కంపు పోయాక, సగం సీసాల్లో ఊపిరి బిగబట్టి దారం లాగింది. మిగతావాటిని ముట్టుకోలేదు. బావను బాల్కనీలోకి రానివ్వకుండా అక్క తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

మర్నాటికి దారం లాగిన సీసాల్లో నలుపు పైకి పాకింది, మిగతావి బూడిదరంగులోనే ఉన్నాయి. ప్రొఫెసరుగారు స్వయంగా వచ్చి, సూదిలాంటి పరికరం గుచ్చి, ఏ లోతున కంపు ఎంతుందో కొలిచారు. మళ్ళీ కొలిచారు. చివరికి కళ్ళజోడు తీసి, ముక్కు సీసా మూతికి ఆనించి గట్టిగా పీల్చి, దగ్గి, "తీగలే!" అన్నారు. ఆ ముఖంలో అంత సంతోషం బురదమ్మ ఎప్పుడూ చూడలేదు.

"చూశారా సార్, నా టెస్టరు మహిమ," అన్నాడు బావ.

"వ్యాసంలో మీకు తప్పకుండా కృతజ్ఞతలు చెబుతాం," అన్నారాయన.

"దారం నాది," అంది అక్క, కాఫీ కప్పు అందిస్తూ.

పైకప్పు బాగయ్యాక ల్యాబువాళ్ళు వ్యాను పంపారు. సీసాల పెట్టెను బావ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని ఒక్కో మెట్టూ దిగాడు. వ్యానులో పాత దుప్పటి పరిచి సర్దాక డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

"మెల్లగా పోనివ్వు బాబూ. గుంతల్లో వేశావో, లోపల వైరింగంతా పోతుంది."

డ్రైవరు వెనక్కి తిరిగి బురద సీసాలను చూశాడు, బావను చూశాడు, బురదమ్మను చూశాడు. ఆమె చాలా గంభీరంగా తల ఊపి, వ్యానెక్కి పెట్టె పక్కన కూర్చుంది.