శేషుకుమారి గురువారాలు

యోగానంద్‌కి ఏ పనికైనా ఒక జాబితా ఉండాలి. భార్య కాపురానికొచ్చిన కొత్తలో, పాలు పొంగకుండా ఎలా కాచాలో ఆరు అంచెల్లో రాసి పొయ్యి పక్కన అంటించిన మహానుభావుడాయన. పాలు మాత్రం పొంగుతూనే ఉండేవి. అలాంటి మనిషి దగ్గర, చలికాలమంతా షెడ్డులో ఉంచిన మోటార్‌హోమ్‌ని బయటికి తీయడానికి ఇరవై ఏడు అంచెల జాబితా ఉందంటే ఆయన భార్య శేషుకుమారికి వింతేమీ లేదు. వింతల్లా ఆ సెప్టెంబరు శనివారం పొద్దున ఆయన నాలుగో అంచె దాటలేకపోవడమే.

ఆడిలైడ్‌కి ఉత్తరాన గాలర్ వెళ్ళే దారిలో ఒక టమాటా రైతు, చలికాలంలో ఖాళీగా ఉండే తన షెడ్డుని ఇలాంటి బళ్ళు పెట్టుకోవడానికి ఇస్తుంటాడు. అక్కడ చలి మొదలయ్యే మే నెలలో బండిని ఆ షెడ్డులో పెట్టారు. అది బండి అనాలో ఇల్లు అనాలో శేషుకుమారికి మూడేళ్ళయినా తేలలేదు. డ్రైవరు సీటు వెనకే రెండు పొయ్యిల వంటగట్టు, బుల్లి ఫ్రిజ్, చివర మంచం. రాజమండ్రి నుంచి వచ్చిన ఆవిడ అక్క కుసుమ అది చూసి, "ఇంత ఇల్లు పెట్టుకుని ఈ బస్సులో కాపురమేంటే, మీకేమైనా పిచ్చా?" అంది. నిజానికి అందులో కాపురం ఇంకా మొదలవలేదు. బండి కొన్న దగ్గర్నుంచీ యోగానంద్‌కి సెలవు దొరికితే కదా!

మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో ఆయనది పాత ప్రోగ్రాములు బాగుచేసే ఉద్యోగం. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఏడాదిని తప్పు చదువుతాయని గగ్గోలు పుట్టాక, తొంభై ఎనిమిదిలో ఒకసారి, తొంభై తొమ్మిదిలో ఇంకోసారి ఆయన సెలవులు రద్దయ్యాయి. లక్షల లైన్లలో రెండంకెల ఏడాదిని వెతికి నాలుగంకెలు చెయ్యాలి. కళ్ళు ఎర్రబడి ఇంటికొచ్చి, "ఇది అయిపోనీ శేషూ. నిన్ను దక్షిణానికి తీసుకెళ్తాను. సముద్రం ఒడ్డమ్మటే వెళ్ళి, మౌంట్ గాంబియర్ మీదుగా మెల్‌బోర్న్ చేరి, కేరమ్ డౌన్స్ గుళ్ళో దణ్ణం పెట్టుకుందాం. దారిలో ఒక చోట నిలబడి చూస్తే ఇక అవతల దక్షిణ ధ్రువం మంచు తప్ప భూమే ఉండదు. అక్కడ నీ చేత్తో పులిహోర చేసి పెట్టాలి" అనేవాడు. జనవరి ఒకటో తారీఖున ఏమీ కాలేదు. ఊళ్ళో అందరూ నవ్వారు. ఏమీ కాకుండా చూడటమే మా పని అని యోగానంద్ ఒక్కడే గర్వపడ్డాడు. జూన్‌లో రిటైరయ్యాడు.

ఆ తర్వాతే చిన్న చిన్న మతిమరుపులు మొదలయ్యాయి. రెండేళ్ళ అలసట అని శేషుకుమారి సరిపెట్టుకుంది. ఆగస్టులో డాక్టరు ఏవో పరీక్షలు చేయించి, ఫలితం వచ్చేదాకా దూరాలు నడపనివ్వకండి అన్నాడు. షెడ్డు నుంచి సాలిస్‌బరీలో తమ ఇంటికి ఎంత దూరం గనక? ఆ మాత్రం నడపనిస్తే కొంపేమీ మునగదనుకుంది ఆవిడ. అలా అనుకున్నందుకు తర్వాత తనని తాను తిట్టుకోని రోజు లేదు.

నాలుగో అంచె టైర్లలో గాలి చూడటం. యోగానంద్ గొంతుక్కూర్చుని నాలుగు టైర్లూ చూశాడు. లేచి చేతులు తుడుచుకుని జాబితా తీశాడు.

"నాలుగు. టైర్లు" అని మళ్ళీ కూర్చున్నాడు.

"ఇందాకే చూశారు కదండీ! ఈలోపు గాలెక్కడికి పోతుంది?" అని శేషుకుమారి నవ్వింది. ఆయనా నవ్వాడు. మూడోసారి కూర్చున్నప్పుడు ఆవిడ నవ్వలేదు. కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, నాలుగో అంచె పక్కన తనే టిక్కు పెట్టి ఇచ్చింది.

రైతు పుస్తకం తెచ్చాడు. బండి తీసుకెళ్తున్నట్టు సంతకం చేసి తారీఖు వెయ్యాలి. యోగానంద్ తన ముత్యాల్లాంటి అక్షరాలతో 9-9-99 అని వేశాడు.

"రాంగ్ ఇయర్, మేట్" అని రైతు నవ్వేశాడు. యోగానంద్ ఆ అంకెల వంక చూశాడు. అందులో తప్పేమిటో ఆయనకి తెలియలేదు. లక్షల తారీఖులు సరిచేసిన మనిషి ఒక్క తారీఖు ముందు అలా అయోమయంగా నిలబడిపోయాడు. శేషుకుమారి కలం తీసుకుని తనే దిద్దింది.

బండి మాత్రం బాగానే నడిపాడు. గేర్లు మార్చడం, అద్దాల్లో చూడటం అన్నీ చేతులకి గుర్తున్నాయి. ఈల కూడా వేశాడు. సాలిస్‌బరీ షాపుల దగ్గర మనుషులు రోడ్డు దాటేచోట ఎర్ర దీపం వెలిగింది. ఒకావిడ పసిబిడ్డ బండిని తోసుకుంటూ రోడ్డు మీదికి దిగింది. యోగానంద్ ఆపలేదు.

"ఏవండీ!" అని శేషుకుమారి కేక పెట్టింది. ఆవిడెవరో ఒక్క గుంజుతో పిల్లబండిని వెనక్కి లాక్కుంది. మోటార్‌హోమ్ ఆవిడ ముందునుంచే దూసుకుపోయింది.

"ఎందుకలా అరిచావు? భయపడి చచ్చాను" అన్నాడాయన.

ఇంటికొచ్చాక హాయిగా గొట్టం తగిలించి నీళ్ళ ట్యాంకు కడుక్కున్నాడు. శేషుకుమారి లోపలికెళ్ళి, సిడ్నీలో ఉన్న కొడుకు వివేక్‌కి ఫోన్ చేసింది.

"మమ్, యూ హావ్ టు టెల్ హిమ్. హీ కాంట్ డ్రైవ్ ఎనీమోర్" అన్నాడు వాడు.

"నువ్వొచ్చి చెప్పరా నాన్నా. నావల్ల కాదు."

"ఆఫీస్‌లో లీవ్ ఇవ్వరు మమ్, ప్రాజెక్ట్ గో-లైవ్ అక్టోబర్‌లో ఉంది. యు నో హౌ ఇట్ ఈజ్."

ఆవిడకి తెలియకపోవడమేం, బాగా తెలుసు. ఫోన్ పెట్టేసింది.

సోమవారం డాక్టరు ఫలితం చెప్పాడు. జబ్బు పేరు చెప్పాడు, అది వెనక్కి తిరిగేది కాదని చెప్పాడు, ఇక స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. తిరిగొస్తూ కార్లో యోగానంద్ పక్క సీట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "మూడేళ్ళు నిన్ను ఆశపెట్టాను శేషూ. నేను నడపకపోతే నిన్నెవరు తీసుకెళ్తారు?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన కంట నీళ్ళు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నెత్తిన టోపీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "శేషూ, తాళాలేవీ? బయల్దేరదామా?"

నిన్నటి సంగతి ఆయనకి గుర్తులేదు. శేషుకుమారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మెల్లగా మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ ఏడ్చాడు. మూడేళ్ళు నిన్ను ఆశపెట్టాను శేషూ అని అవే మాటలు, అదే వరస. అప్పుడర్థమైంది ఆవిడకి. ఈ కబురు ఆయనకి పాతబడదు. రోజూ పొద్దున్నే కొత్తగా తెలుస్తుంది, రోజూ కొత్తగానే గుండె పగులుతుంది. పగలగొట్టే చెయ్యి తనది.

పోనీ బండి తనే నడుపుదామా అంటే, కారు నడపడమే ఆవిడకి అంతంతమాత్రం. ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుంది. కాళ్ళు సరిగ్గా అందలేదు. దిగి వచ్చేసింది.

బుధవారం పొద్దున మళ్ళీ టోపీ, మళ్ళీ తాళాలు. నోరు తెరిచి నిజం చెప్పబోయి, ఏ దేవుడు పలికించాడో గానీ, "ఇవాళ గురువారమండీ" అంది.

యోగానంద్ టక్కున ఆగిపోయాడు. కంప్యూటర్లతో జీవితమంతా గడిపినా ఆయన పంచాంగం మనిషి. గురువారం దక్షిణానికి శూల, ఆ రోజు ఆ దిక్కుకి ప్రయాణం పెట్టుకోకూడదు. ఒకసారి దక్షిణాన ఉన్న మౌంట్ గాంబియర్‌లో ఆఫీసు పని పడితే, గురువారం కడుపునొప్పి అని చెప్పి శుక్రవారం వెళ్ళిన ఘనుడు.

"అరెరె, గురువారమా! మంచిదైంది చెప్పావు. ఒక్కరోజే కదా, రేపు వెళ్దాం" అని టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. ఏడవలేదు. ఇడ్లీలు నాలుగు తిన్నాడు. ఆయన మళ్ళీ బండి దగ్గరికెళ్ళి అద్దాలు తుడుచుకుంటుంటే శేషుకుమారి వంటింట్లో నిలబడి తనే ఏడ్చింది.

మర్నాడు నిజంగానే గురువారం. అబద్ధమాడే పని లేకపోవడం ఆవిడకి పండగలా అనిపించింది. శుక్రవారం మళ్ళీ గురువారమైంది. టీవీలో ఒలింపిక్స్ గోల, దేశమంతా సంబరం. ఈ ఇంట్లో మాత్రం వారం ముందుకు కదల్లేదు.

శనివారం పొద్దున ఆయన టోపీతో గుమ్మంలోకి రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే మోటార్‌హోమ్‌లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో లావుపాటి పేపరు.

"శేషూ, ఇవాళ ఏ వారం?"

"గురువారమండీ" అంది, తడుముకోకుండా.

ఆయన పేపరు ఆవిడ వైపు తిప్పాడు. "ఇందులో శనివారం అని ఉంది."

ఆయన కళ్ళు ఆ పూట తేటగా ఉన్నాయి. పాత యోగానంద్ కళ్ళు.

"పేపరువాడు వారం తప్పు వెయ్యడు. నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఆడావంటే నాకేదో అయ్యుండాలి. తేడా నాలోనే ఉంది. చెప్పు శేషూ, ఏమైంది నాకు?"

ఇక దాచలేకపోయింది. పక్కన కూర్చుని అంతా చెప్పింది. టైర్ల సంగతి, తారీఖు సంగతి, పిల్లబండి సంగతి, డాక్టరు మాట. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"ఇంతకుముందు నాకు చెప్పావా?"

"ఒకసారి డాక్టరు, ఒకసారి నేను చెప్పామండీ."

"నేనేం చేశాను?"

"ఏడ్చారు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పక్కింటివాళ్ళ పెరట్లో ఎవరో గడ్డి కోస్తున్నారు. ఈసారి ఏడవలేదు. శేషుకుమారి చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇదంతా రేపటికి నాకు గుర్తుంటుందా?"

అబద్ధం చెబుదామనుకుంది. ఆ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయింది. "ఉండదండీ."

"రేపు పొద్దున మళ్ళీ తాళాలు అడుగుతాను" అన్నాడు. "గురువారమనే చెప్పు. పేపరు మాత్రం నా కంటపడనివ్వకు."

ఆదివారం శేషుకుమారి ఆయనకంటే ముందు లేచింది. వాకిట్లో పడ్డ పేపరు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. ఎనిమిదింటికి ఆయన ఇస్త్రీ చొక్కాతో, టోపీతో గుమ్మంలోకి వచ్చాడు.

"శేషూ, తాళాలేవీ? బయల్దేరదామా?"

ఆ ముఖంలో ఎంత సంతోషం ఉందంటే, ఇవాళ గురువారమండీ అని చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.